కొండకు కాకుండా మరెటు? తిరుపతి చుట్టూ చేతిపనుల దారులు

తిరుపతిలో కాపురమున్నవాళ్ల ఆదివారాలు సగం చుట్టాలకే పోతాయి. దర్శనానికి వచ్చినవాళ్లకు స్టేషన్‌కు ఎదురెళ్లడం, గది దొరికిందో లేదో కనుక్కోవడం, వాళ్లు దిగివచ్చాక లడ్డూలు ఇరుగుపొరుగుకు పంచడం. ఆ మిగిలిన సగంలో "ఎటైనా పోదామా" అని ఇంట్లో ఎవరైనా అంటే జవాబులు నాలుగైదుకు మించవు: సినిమా, కపిలతీర్థం, చంద్రగిరి కోట, వానలు బాగా పడిన ఏడాదైతే తలకోన. ఇందులో చేతిపనులకు చోటు లేదు. ఉన్నా, తిరుచానూరు రోడ్డు శిల్పారామంలో స్టాళ్ల ముందు గంటసేపు తిరిగి, ధరలు అడిగి, పిలకాయలకు ఐస్‌క్రీమ్ కొనిచ్చి ఇంటికి రావడంగానే ఉంటుంది.

ఇది విచిత్రమే. ఎందుకంటే రేణిగుంట నుంచి గూడూరు వైపు పోయే రైలు మార్గాన్ని ఒక్కసారి చూస్తే చాలు. మొదట ఏర్పేడు. ఆ మండలంలోని మాధవమాల చెక్క మీద శిల్పం చెక్కే ఊరు. తర్వాత శ్రీకాళహస్తి. కలం పట్టి గుడ్డ మీద బొమ్మ గీసే కలంకారీకి పుట్టిల్లు. ఆ పైన వెంకటగిరి. 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చిన ఈ ఊరి పేరు చెబితే నూలు చీరే గుర్తొస్తుంది. చెక్క, రంగు, మగ్గం మూడూ ఒకే పట్టాల వెంట, పూట ప్రయాణంలో ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి ఈ ప్రాంతానికి వచ్చేవాళ్ల సంగతి సరే, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమంది ఈ మూడింటిలో ఒక్కదాన్నైనా తయారవుతుండగా చూశారు?

చేతిపని ఆనందం వస్తువులో ఉంటుందని మనకు నేర్పింది అంగడి. నిజానికి దాని రుచి ఎక్కువ భాగం పనిలోనే ఉంది. చేసేవాళ్ల పక్కన కాసేపు కూర్చుని చూడటంలో, చేతనైతే అందులో ఒక చిన్న అంచెను మనమూ చేసి చూడటంలో. అంగట్లో కొనుక్కొచ్చిన బొమ్మ నెల తిరక్కముందే గోడలో కలిసిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. తయారీ చూసి కొన్నదానికి ఆ గతి పట్టదు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ దాని కథ చెప్పందే మనసు ఊరుకోదు.

కలంకారీనే తీసుకుంటే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. శ్రీకాళహస్తికి రోజూ వేలమంది వస్తారు. రాహుకేతు పూజ, దర్శనం, భోజనం, తిరుగు బస్సు. గుడికి కూతవేటు దూరంలో ఇళ్ల మిద్దెల మీద పాలవాసన కొడుతూ గుడ్డలు ఆరుతుంటాయని ఎక్కువమందికి తెలియదు. కలంకారీ పని రంగుతో మొదలవదు, పాలతో మొదలవుతుంది. శుభ్రం చేసిన ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో వేస్తారు. ఆవుపాలు కాకుండా గేదెపాలే ఎందుకంటే వాటిలో వెన్న ఎక్కువ. పాలు పట్టిన గుడ్డ మీద కలం నుంచి దిగిన చుక్క అక్కడే నిలుస్తుంది. పాలు పట్టని గుడ్డ మీద బ్లాటింగ్ కాగితం మీది సిరాలా పాకిపోతుంది. ఇక కరక్కాయది మరో పని. అందులోని వగరే రంగును గుడ్డకు పట్టి ఉంచుతుంది.

కలం అంటే మనం అనుకునే కలం కాదు. సన్నటి వెదురుపుల్లకు మొన తేల్చి, దానికి కాస్త పైన ఉన్ని లేదా గుడ్డపేలిక చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుని, వేళ్లతో నొక్కినకొద్దీ మొనకు దించుతుంది. ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో నమూనా గీస్తారు. తర్వాత దాని మీద నల్లగీత. ఆ నలుపు పేరు కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే దిగే ద్రవం అది. కుండలో చూస్తే నల్లగా ఉండదు, పలచటి కషాయంలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడీపడగానే నల్లబడుతుంది. కొత్తగా చూసేవాళ్లు, పెద్దవాళ్లయినా సరే, ఇక్కడ ఒక్కసారి నోరు తెరుస్తారు. ఇనుము, కరక్కాయ వగరు కలిసిన చోట నలుపు పుట్టడం రసాయనశాస్త్రమే. అయితే ఏ తరగతి గదిలోనూ అది ఇంత కళ్లకు కట్టినట్టు కనిపించదు.

ఎరుపుది ఇంకా తమాషా. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. ఒకటి రెండు రోజులు ఆగి, పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. జాడించేది పారే నీళ్లలోనే కావాలి. నిలవ నీళ్లలో అయితే విడిపోయిన పటిక పక్కకు అంటుకుని అక్కడా ఎరుపు దిగుతుంది. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున కుదురుకోవడానికి నది ఒక కారణమని చెప్పేది అందుకే. ఇప్పుడా నదిలో వానాకాలం దాటితే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. తొట్లు, బోరునీళ్లు నది పని చేస్తున్నాయి. ఎరుపు తర్వాత మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ, మళ్లీ పాలు. ఆపైన కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం. డజను దాటిన దశల్లో చేతికి కలం తగిలేవి కొన్నే. మిగిలినదంతా నానబెట్టడం, ఎండబెట్టడం, ఆగడం.

గుడి గోడలకు వేలాడదీయడానికి రామాయణ, భారత ఘట్టాలు గళ్లు గళ్లుగా గీసి, కింద తెలుగులో ఒక్కో వరుస వివరం రాయడం ఈ ఊరి సంప్రదాయం. గత శతాబ్దం నడుమ ఇది దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక కొత్త చేతులు తయారయ్యాయి. ఈ ఊరి కలంకారీ చిత్రకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఊరి పేరుతో వచ్చే జీఐ ముద్ర) ఉంది. మచిలీపట్నం కలంకారీకి విడిగా మరొకటి ఉంది. అక్కడిది చెక్క అచ్చులతో అద్దేది, ఇక్కడిది కలంతో గీసేది. రెండింటినీ ఒక గాట కట్టేసి "కలంకారీ డిజైన్" అని అమ్మేసే దుకాణాల వల్ల రెండింటికీ నష్టమే.

దుకాణంలో మీటర్ల లెక్కన దొరికేవాటిలో చాలా భాగం ఈ రెండూ కావు, మిషన్ మీద అచ్చయిన గుడ్డలు. వాటిని కొనుక్కోవడం తప్పేమీ కాదు, ధరకు తగ్గ వస్తువు. చేతిపని అని చెప్పి అమ్మినప్పుడే పేచీ. గుర్తుపట్టడానికి నిపుణులేమీ కానక్కర్లేదు. ఒకే నెమలి గుడ్డ మీద నాలుగుచోట్ల ఉంటే, నాలుగింటి ముక్కులూ పక్కపక్కన పెట్టి చూడాలి. చేత్తో గీసిన నెమళ్లు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, కవలల్లా ఉండవు. గీత ఒకచోట లావెక్కి, కలం మళ్లీ ముంచిన చోట కాస్త ముదురుతుంది. కొత్త గుడ్డకైతే పాలు, కరక్కాయ కలిసిన ఒక వాసన ఉంటుంది. ముక్కుకు ఒకసారి అలవాటైతే మరచిపోవడం కష్టం.

ధర దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఒక్క లెక్క వేసి చూద్దాం. ఒక చీర మీద చేతిపని అంతా కలిపి పదిహేను రోజులు పట్టిందనుకుందాం. రోజుకు 600 రూపాయల కూలి అనుకుందాం. ఇంకా గుడ్డ, పాలు, రంగులు, కట్టెలు ఏవీ కలపకుండానే 9,000 అయింది. అదే మనిషి తాపీపనికి పోయినా అంతకంటే తక్కువ రాదు. కాబట్టి చేత్తో గీసిన చీర అని చెబుతూ రెండు వేలకు ఇస్తానంటే సంతోషపడటం కాదు, అనుమానపడాలి. చీర కొనలేనివాళ్లు కొనకపోవడమే సబబు. చేతిరుమాలంత ముక్క, ఒక చిన్న పటం, సంచి, వీటిలో ఏదో ఒకటి తీసుకోవచ్చు. బేరమాడి చీర ధర సగానికి దించుకుని గర్వపడేవాళ్లు ఆ కుటుంబం వారం రోజుల కూలిని కోసేశామని గుర్తించరు.

మాధవమాలది వేరే లోకం. దేవుళ్ల వాహనాలు, రథాల పలకలు, ద్వారబంధాలు, పూజగది విగ్రహాలు. ఉలి దెబ్బ పడే తీరును చూడాలంటే మొదటి రోజు దుంగ ముందు కూర్చోవాలి, చివరి రోజు నగిషీ ముందు కాదు. మొదట్లో మోటుగా పెళ్లలు లేస్తుంటే బొమ్మ ఎక్కడుందో చూసేవాళ్లకు అంతుపట్టదు. చెక్కేవాళ్లకు మాత్రం కనిపిస్తుంటుంది. శేషాచలం ప్రాంతపు ఎర్రచందనం ఈ పనికి పేరు తెచ్చింది, చిక్కులూ తెచ్చింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని చెట్టు అది. దాని చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోనూ ఉంది. అందువల్ల ఎర్రచందనం బొమ్మ కొనాలనుకుంటే లేపాక్షి లాంటి ప్రభుత్వ విక్రయశాలలో బిల్లుతో కొనడమే క్షేమం. దారిపక్కన చవకగా దొరికేది ఎర్రరంగు పూసిన మామూలు చెక్కయినా అయ్యుండాలి, చట్టం ముందు సంజాయిషీ చెప్పుకోవలసిన సరుకైనా అయ్యుండాలి. వేప, టేకు బొమ్మలకు ఈ తలనొప్పి లేదు. చెక్కేవాళ్ల నైపుణ్యం వాటిలో ఏమీ తగ్గదు.

వెంకటగిరిలో వినాలి. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాళ్ల కాళ్లు కింద, చేతులు పైన, దారం మోసే నాడె అటూ ఇటూ. ఆ చప్పుడు ఒక్కో ఇంటికి ఒక్కో వేగంలో ఉంటుంది. జాందానీ పువ్వు నేసేటప్పుడు మాత్రం చప్పుడు ఆగిపోతుంది. పువ్వు పువ్వుకూ విడిగా చిన్న కండెతో దారం దూర్చి, లెక్క చూసుకుని, మళ్లీ నాడె వేస్తారు. చప్పుడు ఎంతసేపు ఆగితే చీర అంత ఖరీదని మగ్గం పక్కన పది నిమిషాలు నిలబడ్డ ఎవరికైనా అర్థమవుతుంది.

చిత్తూరు వైపు ఉండేవాళ్లకు ఈ రైలు దారి దూరం. వాళ్లకు బెంగళూరు రోడ్డులో పలమనేరు ఉంది. అక్కడి మట్టిపని కుండలతో ఆగలేదు. తోటల్లో పెట్టే గుర్రాలు, గోడకు తగిలించే ముఖాలు, వేలాడే గంటలు, దీపాల గూళ్లు చేస్తారు. మట్టిపనిలో అసలు శత్రువు తొందర. నీడన నిదానంగా ఆరకుండా కాస్త తడి లోపల మిగిలినా, కాల్చే ఆవంలో వేడికి ఆ తడి ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. పిలకాయలను తీసుకెళ్లడానికి ఈ మూడు నాలుగింటిలో ఇదే మొదటి మెట్టు. ఉలి ఇవ్వలేం, మగ్గం ఎక్కించలేం. మట్టిముద్ద ఎవరి చేతిలోనైనా పెట్టొచ్చు. తిరిగే కుమ్మరి సారె మీద కుండ లేవడం మొదటిరోజే రాదు, అది ముందే చెప్పి తీసుకెళ్లాలి. లేకపోతే వంకర కుండ చూసి ఏడుపు మొదలవుతుంది. పెద్దవాళ్లకు కూడా.

ఇన్ని ఊళ్లు తిరిగినా, తిరగకపోయినా, చేతిపని ఇళ్లలో లేకుండా పోలేదు. దాన్ని చేతిపని అని పిలవడం మానేశామంతే. ధనుర్మాసం తెల్లవారుజామున పదిహేను చుక్కలు పెట్టి ఎనిమిది వచ్చేవరకు సందుచుక్క దించే ముగ్గులో మొత్తం 169 చుక్కలుంటాయి. కాగితం చూడకుండా, చెరపకుండా, నడుం వంచి, పాలవాడు వచ్చేలోపు దాన్ని ముగించే మనిషిని "మా అమ్మ ఏ పనీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అని పరిచయం చేసే కొడుకులు ఈ ఊళ్లలో కొదవలేదు. దసరాకు మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో, పై మెట్టున కూర్చునే ఎర్రచెక్క దంపతుల బొమ్మకు ఏటా కొత్త పట్టుపేలికతో చీర, పంచె కట్టడం ఆడపిల్లల మొదటి కుట్టుపని. తిరుపతి పాత వీధుల పేర్లలోనూ చేతిపని మిగిలే ఉంది. మేదరమిట్టలో ఇప్పుడు బుట్టలల్లేవాళ్ల కోసం వెతుక్కోవాలేమో, పేరు మాత్రం చెదరలేదు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ తాతయ్యగుంట గంగమ్మ జాతర. మే నెలలో వారం రోజులు తిరుపతి ఊరు ఊరంతా వేషం కడుతుంది. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మేకప్ మనిషి లేడు. ఇంట్లో పెద్దవాళ్లే రంగు కలుపుతారు, పక్కింటివాళ్లు పూస్తారు. మగవాళ్లు చీర కట్టించుకోవడానికి ఆ రోజు అక్కచెల్లెళ్లను బతిమాలుకుంటారు. వెదురుబద్దలు, రంగుకాగితాలతో గోపురాల్లా కట్టే సప్పరాలు మోస్తూ కుర్రాళ్లు వస్తుంటే, ఒక్కోదాని వెనక ఎన్ని రాత్రుల జిగురు, కత్తెర ఉన్నాయో లెక్కకట్టే పద్ధతి ఏ సర్వేలోనూ లేదు. చివరి రోజు గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. నిలబెట్టేది కూడా ఉంచడానికి కాదు. తంతు ముగిశాక ఆ మట్టిని జనం ప్రసాదంగా ఇళ్లకు తీసుకుపోతారు. చేతిపని దాచుకోవడానికే అన్న అభిప్రాయం ఉన్నవాళ్లు ఆ తెల్లవారుజామున అక్కడ నిలబడి చూడాల్సిందే.

ఈ ఇంటి అలవాటుకూ ఊరి విద్యకూ నడుమ ఒక మెట్టు కావాలనుకునేవాళ్లకు తిరుపతిలోనే దారి ఉంది. టీటీడీ వారి శ్రీవేంకటేశ్వర సంప్రదాయ శిల్పకళా సంస్థలో రాయి, సున్నపు గార, లోహం, కొయ్య శిల్పాలతోపాటు కలంకారీ కూడా నేర్పుతారు. అది ఏళ్ల తరబడి సాగే చదువు, ఆదివారం సరదా కాదు. కాబట్టి అందరికీ కుదరదు. తక్కువలో కావాలంటే పూలున్నాయి. తన గుళ్లలో పూజకు వాడిన పూలతో టీటీడీ 2021లో ఏడు రకాల అగరబత్తులు మొదలుపెట్టింది. ఎండుపూల రేకులతో దేవుడి పటాలు కూడా చేయిస్తోంది. పూజలో వాడిన చామంతిని చెత్తబుట్టలో వేయకుండా పాత పుస్తకంలో అణచిపెట్టి, పది రోజుల తర్వాత అట్టముక్క మీద అంటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పనివాళ్ల ఇళ్లకు వెళ్లేటప్పుడు తెలిసుండాల్సిన సంగతులు కొన్ని. అవి ఇళ్లు, ప్రదర్శనశాలలు కావు. ముందు ఫోన్ చేసి వెళ్లాలి. ఫొటోకు అడగాలి. నమూనాల ఫొటోలు తీసుకుపోయి మిషన్ మీద అచ్చు వేయించేవాళ్ల దెబ్బ తిన్నవాళ్లు వద్దంటే నొచ్చుకోకూడదు. చూసినంతసేపూ చూసి ఏమీ కొనకుండా లేచిరావడం కంటే, గంట నేర్పినందుకు ఇంత అని ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ గౌరవం. కలంకారీకి ఎండ కావాలి గనుక కార్తీకం ముసురులో వెళితే పని ఆగి ఉండొచ్చు. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు, పొద్దున పూట మంచిది.

అంతవరకూ ఆగలేని ఇంట్లో ఈ వారమే మొదలుపెట్టడానికి ఒక పని ఉంది. పూజాసామగ్రి కొట్లో కరక్కాయలు దొరుకుతాయి. ఒక ప్లాస్టిక్ డబ్బాలో తుప్పు మేకులు, గుప్పెడు బెల్లం, నీళ్లు పోసి, మూత బిగించకుండా పలచటి గుడ్డ కట్టి మిద్దె మీద ఒక మూల పెట్టాలి. పులిసేటప్పుడు గాలి పోవాలి, వాసన కూడా వస్తుంది. దాని మీద "తాగరాదు" అని రాసి, పిల్లల చేతికి అందకుండా ఉంచాలి. మూడో వారం ఆదివారం నాన్న పాత తెల్లపంచె ముక్కొకటి కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఎండలో వేయాలి. ఎండిన గుడ్డ లేత పసుపుగా తేలుతుంది. అగ్గిపుల్ల మొనకు దూది చుట్టి, ఆ డబ్బాలో ముంచి, గుడ్డ మీద ఒక గీత గీసి, పక్కన కూర్చున్న పిలకాయల మొహం చూడాలి.